ఒకటో నంబరు పిన్ పక్కన

జంషెడ్‌పూర్‌లో సాక్చి గోల్‌చక్కర్ దగ్గర దిగి బజారు లోపలికి నడిస్తే, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసేవాళ్ల మధ్య రేడియో, టీవీ సామాన్లు అమ్మే చిన్న కొట్టు ఏదో ఒకటి తగులుతుంది. అక్కడ నిలబడి "దస్ ఎం.ఎఫ్.డి., పచ్చీస్ వోల్ట్" అంటే చాలు, కొట్టువాడు డబ్బాలోంచి ఒక కండెన్సర్ తీసి చేతిలో పెడతాడు. ధర రెండు మూడు రూపాయలు. ఆడియో పనికి అని చెప్పామంటే మాత్రం కథ మారుతుంది. "ఆడియోకా? అయితే ఇది కాదు, ఇంకోటి ఉంది" అని పైఅర నుంచి బంగారు రంగు డబ్బా దింపుతాడు. ఏ కంపెనీది కావాలి, ఎంత ఖరీదుది కావాలి అన్నదే అక్కడి చర్చ. ఆడియో కన్వర్టర్ చిప్‌కి రిఫరెన్స్ కండెన్సర్ ఎంచుకునేటప్పుడు ఆ చర్చ ఆఖరున రావాలని, ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయని చెప్పడానికే ఈ ప్రసంగం.

అసలు ఈ పని ఎవరికి కావాలి? మనకే కావాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ఇక్కడి ఉక్కు కర్మాగారం తొలి దశాబ్దాల నుంచీ "టాటా"కు వస్తూనే ఉన్నారు. కదమా, సోనారి, బిష్టుపూర్, గోల్మురి, టెల్కో, ఇటు సాక్చి, ఎక్కడ చూసినా తెలుగు ఇళ్లు. ఆ ఇళ్లలో అటకల మీద, బీరువా అడుగు అరల్లో క్యాసెట్లు ఉన్నాయి. శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథ, ఊరి నుంచి దళాన్ని పిలిపించి ఆడించిన తప్పెటగుళ్లు, తాతగారు పాడిన మంగళహారతి, పెళ్లిలో పెద్దవాళ్ల మాటలు. ఇవి ఏ కంపెనీ అచ్చువేసిన రికార్డులూ కావు. ఇంకో ప్రతి ఎక్కడా దొరకదు. టేపు మీది అయస్కాంతపు పూత రాలిపోకముందే వాటిని అంకెల్లోకి మార్చుకోవాలి. ఈ మధ్య మన కుర్రాళ్లు చాలామంది ఆ పనికి సొంతంగా చిన్న పెట్టెలు కట్టుకుంటున్నారు. అందులో ప్రాణంలాంటి భాగం కన్వర్టర్ చిప్. టేపు నుంచి వచ్చే ఎగుడుదిగుడు విద్యుత్తును కొలిచి అంకెగా రాసేది అదే.

ఆ కుర్రాళ్ల చేతికి ఎక్కువగా దొరికేది పీసీఎం 1808 అనే చిప్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లది. చౌక. 24 బిట్ల అంకెలిస్తుంది, సెకనుకు 96,000 నమూనాల దాకా తీస్తుంది, 99 డెసిబెల్స్ సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఉందని కంపెనీ రాసింది. అటూ ఇటూ ఏడేసి, మొత్తం 14 కాళ్లు. అందులో ఒకటో నంబరు పిన్ పేరు వీరెఫ్. ఈవేళ మాట్లాడేదంతా ఆ ఒక్క పిన్ గురించే అనుకోండి.

కన్వర్టర్ చేసేది తూకం. సంతలో వంకాయలు తూచేటప్పుడు ఒక పళ్లెంలో రాయి వేస్తారు. ఆ రాయి బరువు నిలకడగా ఉంటేనే తూకానికి విలువ. ఈ చిప్‌లో ఆ రాయి స్థానంలో ఉన్నది రిఫరెన్స్ వోల్టేజీ. సరఫరా 5 వోల్టులైతే వీరెఫ్ దగ్గర అందులో సగం, అంటే రెండున్నర వోల్టులు ఉంటాయి. లోపలికి వచ్చే సిగ్నల్‌ని చిప్ క్షణక్షణం దీనితో పోల్చి అంకె వేస్తుంది. రిఫరెన్స్ వణికితే సిగ్నల్ శుద్ధంగా ఉన్నా అంకె వణుకుతుంది.

ఎంత సన్నని తూకమో చూడండి. ఈ చిప్ కొలవగల పూర్తి పరిధి సుమారు 3 వోల్టులు. 24 బిట్లు అంటే ఆ మూడు వోల్టుల్ని ఒక కోటీ 67 లక్షలకు పైగా మెట్లుగా కోయడం. ఒక్కో మెట్టు మైక్రోవోల్టులో అయిదో వంతు కూడా ఉండదు. అన్ని మెట్లూ నిజంగా పనికొస్తాయని కాదు, చిట్టచివరి బిట్లు ఎప్పుడూ రొదలోనే మునిగి ఉంటాయి. 16 బిట్ల లెక్కన చూసినా మెట్టు 46 మైక్రోవోల్టులే. మన ఇంటి అడాప్టర్ నుంచి వచ్చే 5 వోల్టుల మీద మిల్లీవోల్టుల్లో అలలుంటాయి. అంటే వేలల్లో మైక్రోవోల్టులు. వాటిని ఒకటో పిన్ దాకా రానివ్వకుండా ఆపడం కండెన్సర్ మొదటి పని.

రెండో పని ఇంకొకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. చిప్ లోపల స్విచ్చులు సెకనుకు లక్షల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ రిఫరెన్స్ నుంచి చిటికెడు చిటికెడు చార్జీ గుంజుకుంటూ ఉంటాయి. సెకనుకు 48,000 నమూనాలు తీసేటప్పుడు, దానికి 64 రెట్లు, అంటే సెకనుకు 30 లక్షలకు పైమాటే. ఎంత గుంజుకుంటుందన్నది ఆ క్షణంలో సిగ్నల్ ఎలా ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. అడిగిన చార్జీ అడిగిన క్షణంలో అందాలి. అందకపోతే రిఫరెన్స్ సిగ్నల్‌కు తగ్గట్టుగా వంగుతుంది. అప్పుడు పుట్టేది రొద కాదు, వక్రత. వినేవాళ్లు "గొంతు ఏదోలా ఉంది" అంటారే, అది.

తప్పెటగుళ్లే తీసుకోండి. కళాకారుడి రొమ్ముకు కట్టిన తప్పెట దెబ్బ బరువైన కింది స్థాయి శబ్దం. కాళ్ల గజ్జెలు పైస్థాయి. రెంటి నడుమ పాట. రిఫరెన్స్ బలహీనంగా ఉంటే తప్పెట పడ్డప్పుడల్లా అది కాస్త కుంగుతుంది. ఆ కుంగుడు తప్పెటతో ఆగదు. అదే క్షణంలో కొలుస్తున్న పాటనూ గజ్జెల్నీ కూడా అదే నిష్పత్తిలో అటూ ఇటూ లాగుతుంది. దళం మొత్తం పక్క గదిలో పాడుతున్నట్టు వినిపిస్తుంది. తప్పు టేపుదనీ, పాత టేప్‌రికార్డరు తలదనీ అనుకుంటాం.

ఇక విలువ ఎంత ఉండాలి? పీసీఎం 1808 తయారీదారు మాట సూటిగా ఉంది: వీరెఫ్‌కీ, అనలాగ్ భూమికీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ ఒకటి, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, రెండూ పిన్‌కి వీలైనంత దగ్గరగా. 0.1 అంటే బజారులో "104" అని అడిగేది. ఈ రెండు అంకెలూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వేరే చిప్ చేతికొచ్చినప్పుడూ తడుముకోనక్కర్లేదు.

చాలా చిప్‌లలో సగం వోల్టేజీని లోపల రెండు రెసిస్టర్లు పంచి తయారు చేస్తాయి. లెక్క కోసం ఆ పిన్ వెనక నిరోధం పన్నెండున్నర కిలోఓములు అనుకుందాం. దానికి 10 మైక్రోఫారడ్ తగిలిస్తే, సెకనుకు ఒకటింబావు కంపనాలు దాటినదేదైనా అణగడం మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అడాప్టర్‌లో డయోడ్లు దాటాక అది 100 హెర్ట్జ్ అల. ఆ అల సుమారు ఎనభయ్యో వంతుకు తగ్గుతుంది. అదే చోట 1 మైక్రోఫారడ్ పెడితే ఎనిమిదో వంతుకే తగ్గుతుంది. తేడా మీకే తెలుస్తోంది.

మరి పదికి బదులు వంద పెడితే? అలలు ఇంకా అణుగుతాయి, కింది స్థాయి వక్రత తగ్గుతుంది. ఇది ఊహ కాదు. సిర్రస్ లాజిక్ కంపెనీ సీఎస్ 5381 అనే చిప్ తయారు చేసింది, స్టూడియోల్లో వాడదగిన 120 డెసిబెల్స్ చిప్. దాని డేటాషీట్‌లో రిఫరెన్స్ పిన్ మీద కండెన్సర్ పరిమాణం గురించి ఒక భాగమే కేటాయించారు. విలువ పెరిగేకొద్దీ కింది పౌనఃపున్యాల్లో వక్రత ఎలా తగ్గుతుందో గీత గీసి చూపించారు. కాకపోతే అక్కడ పెద్ద విలువకు తగ్గట్టుగా చిప్ కట్టారు. మన లెక్కలోని చిప్‌కి 100 మైక్రోఫారడ్ పెడితే స్విచ్ వేశాక రిఫరెన్స్ తన స్థానానికి చేరడానికి 6 సెకన్లకు పైగా పడుతుంది. ఆ లోపు రికార్డు మొదలెడితే మొదటి మాటలు వంకరపోతాయి. 10 మైక్రోఫారడ్‌తో అయితే ఆ నిరీక్షణ అర సెకను దాటి కాస్త. డేటాషీట్ చెప్పిన దానికి రెండు మూడు రెట్లు పెంచడంలో ప్రమాదం లేదు, లాభమూ పెద్దగా లేదు. పదింతలు పెంచాలనుకుంటే మాత్రం కారణం ఉండాలి.

ఇప్పుడు రకం. కొట్లో పైఅర డబ్బాలు బయటికొచ్చేది ఇక్కడే.

ఈ మధ్య పేరు మోగుతున్నది పాలిమర్ కండెన్సర్. కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద వెండి రంగులో మెరిసే పొట్టి డబ్బా. లోపలి నిరోధం చాలా తక్కువ, వేడికి ఎండిపోదు, ఆయుష్షు ఎక్కువ. సరఫరా పిన్ దగ్గర పెట్టండి, నేనూ పెడతాను. వీరెఫ్ దగ్గర మాత్రం నిదానించాలి. పాలిమర్ కండెన్సర్లకు లీకేజీ ఎక్కువ. 100 మైక్రోఫారడ్, 10 వోల్టుల డబ్బాకు 200 మైక్రోఆంపియర్ల దాకా లీకవ్వచ్చని తయారీదారులే రాసుకుంటారు. అంత కరెంటు పన్నెండున్నర కిలోఓముల గుండా పోవాలంటే రెండున్నర వోల్టులు కావాలి. అంటే వీరెఫ్ మొత్తం హరించుకుపోతుంది! నిజంగా అంత లీకయ్యే డబ్బాలు అరుదు, అందులో ఇరవయ్యో వంతు లీకైనా తూకపురాయి బరువు అయిదు శాతం తప్పినట్టే. పైగా లీకేజీ నిలకడగా ఉండదు, వేడితో మారుతుంది, చిటపటలాడుతుంది. అందుకే ముందు తెలుసుకోవాల్సింది ఆ పిన్ వెనక ఎంత బలం ఉందని. ఈఎస్‌ఎస్ కంపెనీ ఈఎస్ 9018 లాంటి చిప్‌లలో అనలాగ్ సరఫరా పిన్నే రిఫరెన్స్‌గా పనిచేస్తుంది. దాని వెనక గట్టి రెగ్యులేటర్ ఉంటుంది. అక్కడ పాలిమర్ లీకేజీ లెక్కలోకి రాదు, దాని తక్కువ నిరోధమే వరం. ఒకే కండెన్సర్, ఒక చిప్‌లో మేలు, ఇంకో చిప్‌లో కీడు. అందుకే "మంచి కండెన్సర్ ఏది?" అని అడిగినవాళ్లను "ఏ పిన్‌కి?" అని నేను తిరిగి అడుగుతాను.

టాంటాలమ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అది పేలుతుందని, అంటుకుంటుందని మనవాళ్లకు భయం. ఉత్త భయం కాదు. సరఫరా లైను మీద ఒక్కసారిగా కరెంటు దూసుకొస్తే టాంటాలమ్ షార్టయి కాలిన సందర్భాలు రిపేరు చేసే ప్రతివాడూ చూసి ఉంటాడు. అయితే వీరెఫ్ లాంటి చోట వేల ఓముల వెనక నుంచి మెల్లగా చార్జి అవుతుంది కాబట్టి దూసుకొచ్చే కరెంటు అంటూ ఉండదు. రెండున్నర వోల్టుల చోట 16 వోల్టుల టాంటాలమ్ హాయిగా బతుకుతుంది. లీకేజీ కూడా తక్కువే. చోటు ఇరుకైతే వాడుకోండి. ధ్రువాలు మాత్రం తిరగబడకూడదు. టాంటాలమ్ మీద గీత ప్లస్ వైపు ఉంటుంది, మామూలు ఎలక్ట్రోలిటిక్ మీద మైనస్ వైపు. అలవాటు మీద పెట్టేస్తే అక్కడితో సరి.

10 మైక్రోఫారడ్‌ని కూడా సెరామిక్‌లోనే తీసుకోవచ్చుగా, నువ్వుగింజంత ఉంటుంది, లీకేజీ ఉండదు అని అడుగుతారు. ఎక్కువ విలువ ఇచ్చే సెరామిక్‌లన్నీ బేరియం టైటనేట్ మీద ఆధారపడ్డవి. దానికి రెండు గుణాలున్నాయి. వోల్టేజీ పెట్టేకొద్దీ విలువ తగ్గిపోతుంది. చిన్న సైజులో 6.3 వోల్టుల 10 మైక్రోఫారడ్ అన్నది ఆ వోల్టేజీ దగ్గరకు వచ్చేసరికి సగం కూడా మిగలకపోవచ్చు. రెండోది, తడితే మోగుతుంది. నిజంగానే. యాంత్రిక కదలికను విద్యుత్తుగా మార్చడం ఆ పదార్థపు స్వభావం. స్పీకరు పక్కన పెట్టెను పెడితే, అదే బల్ల మీద టేప్‌రికార్డరు మోటారు తిరుగుతుంటే, ఆ కంపనం నేరుగా రిఫరెన్స్ మీదికి ఎక్కుతుంది. 0.1 విలువకు ఈ బాధ చాలా తక్కువ. ఎక్స్7ఆర్ అని రాసి ఉన్న 50 వోల్టుల "104" తీసుకుంటే రెండున్నర వోల్టులకు దాని విలువ చెక్కుచెదరదు. వై5వి రకం మాత్రం వద్దు. వేడికీ చలికీ విలువ 82 శాతం దాకా పడిపోవచ్చని దాని నిర్వచనంలోనే ఉంది.

చివరికి మిగిలింది పాత అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్. 10 మైక్రోఫారడ్‌కి నా ఓటు దానికే. లోహాల ఊళ్లో ఉంటున్నాం కాబట్టి దాని గర్భంలో ఏముందో చెప్పనివ్వండి. అల్యూమినియం రేకును ద్రావణంలో ముంచి వోల్టేజీ పెడితే దాని మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది. ఎంత మందం? వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్లు. ఇరవై వోల్టులకు పెంచిన పొర ముప్ఫై నానోమీటర్లు కూడా ఉండదు. తుప్పు పట్టకుండా కాపాడడానికి ఈ ఊళ్లో ఎంతమంది ఎన్ని తంటాలు పడతారో మీకు తెలుసు. ఇక్కడ ఆ ఆక్సైడే సరుకు. ఆ పొర వాడకుండా ఉంచితే అక్కడక్కడా చెదురుతుంది, వోల్టేజీ తగిలాక తనంతట తానే పూడ్చుకుంటుంది. పూడ్చుకునే దాకా లీకేజీ ఎక్కువ. నెలల తరబడి బీరువాలో పెట్టిన రికార్డింగ్ పెట్టెను తీసి వెంటనే పని మొదలెట్టకుండా కాసేపు కరెంటు ఇచ్చి ఉంచమనడం అందుకే. పొర కుదురుకున్నాక ఈ చిన్న డబ్బా లీకేజీ మైక్రోఆంపియరు కంటే తక్కువకు దిగుతుంది. దీని లోపల ఒకటి రెండు ఓముల నిరోధం ఉంటుంది. అదొక లోపమని అంటారు. పక్కన 104 సెరామిక్ ఉన్నప్పుడు ఆ ఓములే మేలు చేస్తాయి, రెండూ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర మోగిపోకుండా అణచి ఉంచుతాయి.

వోల్టేజీ 16 అయినా 25 అయినా సరే. 105 డిగ్రీలని రాసినది తీసుకోండి. ఎండాకాలం మన ఊరి వేడి మీకు చెప్పక్కర్లేదు. మూసిన పెట్టె లోపల 55 డిగ్రీలుండడం పెద్ద విశేషం కాదు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు బతుకుతుందని రాసిన డబ్బా, ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడూ ఆయుష్షు రెట్టింపవుతుందన్న లెక్కన 55 డిగ్రీల దగ్గర 64,000 గంటలు వస్తుంది. 85 డిగ్రీల రకానికి అదే లెక్కన 16,000. ధరలో తేడా అర్ధరూపాయో రూపాయో.

మరి ఆ బంగారు రంగు ఆడియో రకాలు? నిచికాన్ మ్యూజ్, ఎల్నా సిల్మిక్ మంచి సరుకే. సిల్మిక్ లోపలి కాగితంలో పట్టుదారం కలుపుతారు, వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కండెన్సర్ వక్రత పుట్టించాలంటే దాని రెండు కొసల మధ్య సిగ్నల్ వోల్టేజీ ఊగాలి. సిగ్నల్ దారిలో పెట్టిన కండెన్సర్‌కు అది నిజం కావచ్చు. రిఫరెన్స్ దగ్గర ఊగేది మిల్లీవోల్టు కూడా కాదు. అక్కడ పట్టుదారం చేసే పనేమీ లేదు. చాందినీ బజారుకని కోల్‌కతా దాకా పోయి, అసలు ఎప్పుడో తయారీ ఆగిపోయిన బ్లాక్‌గేట్ కండెన్సర్లు వెతికి తెచ్చుకునేవాళ్లున్నారు. ఇప్పుడు దొరికేవి ఏళ్లతరబడి నిలవున్న సరుకైనా కావాలి, పైతొడుగు మార్చిన నకిలీవైనా కావాలి. రెండూ మన ఒకటో పిన్‌కి చేటే.

ఆ డబ్బు మిగిల్చి, శ్రద్ధ ఎక్కడ పెట్టాలంటే పెట్టే చోటు మీద పెట్టండి. 104 సెరామిక్‌కి మూడు మెగాహెర్ట్జ్ దగ్గర అడ్డు అర ఓము. బోర్డు మీది రాగి గీత సెంటీమీటరు పొడవుంటే దానికి దాదాపు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. కండెన్సర్, ఆ గీత కలిసి అయిదు మెగాహెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆపైన ఆ కండెన్సర్ ఇక కండెన్సర్ కాదు, తీగచుట్ట. స్విచ్చులు చార్జీ గుంజుకునే ఆ క్షణపు అంచులు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా ఉంటాయి. అంటే సెంటీమీటరు దూరంలో పెట్టిన ఖరీదైన కండెన్సర్ కంటే రెండు మిల్లీమీటర్ల దూరంలోని రూపాయి కండెన్సర్ మేలు. చిప్ చేసినవాళ్లకు ఇది తెలుసు. పీసీఎం 1808లో వీరెఫ్ ఒకటో పిన్ అయితే, అనలాగ్ భూమి రెండో పిన్. పక్కపక్కనే. ఆ రెండు కాళ్లకూ అడ్డంగా కండెన్సర్ కూర్చోవాలనే అలా పెట్టారు. అంత చక్కగా చోటు చూపిస్తే, మనం కండెన్సర్‌ని బోర్డు అవతలి మూలలో పెట్టి రెండంగుళాల తీగ లాగుతాం. బజారులో దొరికే కొన్ని తయారు బోర్డుల మీద కూడా ఇదే వరస.

రెండో కాలు ఎక్కడికి పోతోందన్నది ఇంకా ముఖ్యం. "గ్రౌండ్ గ్రౌండే కదా" అని డిజిటల్ గ్రౌండ్‌కి తగిలిస్తే, అక్కడి గడియారపు అలలన్నీ కండెన్సర్ గుండా నేరుగా రిఫరెన్స్‌కి ఎక్కుతాయి. కాపలాకు పెట్టినదే దొంగకు తలుపు తీసినట్టవుతుంది. ఏకేఎం కంపెనీ ఏకే 4490లో రిఫరెన్స్ తక్కువ వైపుకే విడిగా పిన్ ఇచ్చారు. కండెన్సర్ రిఫరెన్స్ ఎక్కువ వైపు పిన్‌కీ ఈ తక్కువ వైపు పిన్‌కీ మధ్యే ఉండాలి. మరికొన్ని చిప్‌లలో రెండో కాలు భూమికి కాక సరఫరా పిన్‌కి పోవాలని ఉంటుంది. అలవాటు మీద కాకుండా డేటాషీట్ బొమ్మ చూసి కట్టాలి.

రిఫరెన్స్‌ను నిలకడగా ఉంచడం కోసం ఇంజనీర్లు ఎంత దూరం వెళ్లారో తెలియాలంటే ఫిలిప్స్ వారి టీడీఏ 1541ఏ చూడాలి. 1980ల సీడీ ప్లేయర్ల గుండెకాయ అది, అంకెల్ని తిరిగి శబ్దంగా మార్చే 16 బిట్ల చిప్. మొత్తం 28 కాళ్లు. అందులో 14 కాళ్లు కేవలం డీకప్లింగ్ కండెన్సర్ల కోసం. సరిగ్గా సగం! ఏడు నుంచి పదమూడు దాకా, పద్ధెనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా, ఒక్కోదానికి 0.1 మైక్రోఫారడ్. కారణం ఉంది. సిలికాన్ మీద రెండు కరెంటు మూలాలను అచ్చంగా ఒకేలా చేయడం ఆ రోజుల్లో అసాధ్యం. ఫిలిప్స్‌లో రూడీ వాన్ డే ప్లాషే 1976లో ఒక ఉపాయం ప్రకటించాడు: అసమానంగా ఉన్న మూలాలను వేగంగా ఒకదాని స్థానంలో ఒకటి తిప్పుతూ ఉంటే సగటున అన్నీ సమానమవుతాయి. తిప్పడం వల్ల పుట్టే చిన్న అలను నునుపు చేసేందుకే ఆ పద్నాలుగు కండెన్సర్లు. ఇవాళ పాత ప్లేయర్లను బాగుచేసేవాళ్లు వాటి రకం మీద గంటలు వాదించుకుంటారు. చిప్‌కి ఎంత దగ్గరగా కట్టాలన్న దాని మీద వాదన లేదు, అందరిదీ ఒకటే మాట.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మామూలు క్యాసెట్‌లో సిగ్నల్‌కీ రొదకీ తేడా 50, 60 డెసిబెల్స్ మధ్య. చిప్ ఇచ్చేది 99. మధ్యలో చాలా వెసులుబాటుంది. డేటాషీట్ చెప్పిన రెండు కండెన్సర్లు, చెప్పిన చోట, చెప్పిన భూమికి కడితే క్యాసెట్ పనికి అంతకుమించి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనవసరం లేదు. మిగిలిన డబ్బుతో టేప్‌రికార్డరు తల శుభ్రం చేయించండి, రబ్బరు బెల్టు మార్పించండి. తేడా చెవికి తెలిసేది అక్కడ.

కట్టాక పరీక్ష ఎలా? చాలామంది ఇన్‌పుట్ మూసేసి, నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, రొద లేదు కాబట్టి బాగుందంటారు. రిఫరెన్స్ లోపం నిశ్శబ్దంలో దాక్కుంటుంది. కొలవడానికి సిగ్నల్ లేనప్పుడు రాయి వణికినా పెద్దగా కనబడదు. సిగ్నల్ ఇవ్వాలి. చార్జర్ తీసేసిన ఫోన్‌లోంచి 1,000 హెర్ట్జ్ స్వరాన్ని గట్టిగా పంపి రికార్డు చేయండి. కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అందులో స్పెక్ట్రమ్ చూడండి. వెయ్యికి అటూ ఇటూ 900 దగ్గర, 1,100 దగ్గర చిన్న ముళ్లు లేచాయంటే, 100 హెర్ట్జ్ అల రిఫరెన్స్‌లోకి జొరబడుతోంది. తర్వాత 40 హెర్ట్జ్, 1,000 హెర్ట్జ్ రెండూ కలిపి పంపండి. ఈసారి వెయ్యికి నలభై అటూ ఇటూ ముళ్లు పెరిగితే కండెన్సర్ విలువ చాలడం లేదని అనుమానించి, 10 తీసి 22 పెట్టి మళ్లీ చూడండి. మారకపోతే లోపం ఇంకెక్కడో ఉంది, కండెన్సర్లు మార్చడం ఆపేయండి.

పెట్టె తయారయ్యాక మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఇంట్లో క్యాసెట్లుంటే ముందుగా తేదీలేని వాటిని, చేతిరాత చెరిగిపోతున్న వాటిని బయటికి తీయండి. రికార్డు చేసే రోజున ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ గొంతు ఎవరిదో, ఏ పందిరిలో పాడారో చెప్పగలవాళ్లు వాళ్లే. ఆ వివరం కూడా ఫైలు పేరులో రాసి పెట్టండి.